సగంలో ఆగిన మాట

అణు విద్యుత్ కేంద్రం క్యాంటీన్‌లో నిలబడి మాట్లాడుతున్న ముసలాయన మీదికి ఎవరో గాజు గ్లాసు విసిరారు.

అది నుదుటికి తగిలి పగిలింది. ఆయన చేతిరుమాలుతో రక్తం అద్దుకుని మళ్లీ అందుకున్నాడు.

"ఉన్నమాట చెబుతున్నాను. ఇక్కడ ఒక యూనిట్ కరెంటుకయ్యే ఖర్చుతో గాలిమరల దగ్గర మూడు యూనిట్లు వస్తున్నాయి. సోలార్ ఇంకా చవక. పాత రియాక్టర్‌ని బాగు చేయించేకంటే మూసెయ్యడమే మేలని కంపెనీ తేల్చింది. ఆ లెక్క తప్పు కాదు."

"గాలిమరలవాళ్లు నీకెంత ముట్టజెప్పారు?"

అడిగింది టర్బైన్ ఫిట్టర్. పంతొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. కిందటి నెలే బావమరిదిని కూడా వెల్డర్‌గా చేర్పించాడు.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు బాబూ. మొత్తం వినండి. ఆ తర్వాత కొట్టాలనిపిస్తే కొట్టండి."

"మా పొట్ట కొట్టేవాడి మాట మేం వినేదేంటి?"

ఫిట్టర్ తన హెల్మెట్ తీసి ఆయన మొహం మీద కొట్టాడు.

ఇక ఎవరూ ఆగలేదు. కుర్చీలు లేచాయి. ఆయన కళ్లద్దాలు ఎవరి బూటు కిందో నలిగిపోయాయి.

"మూసేసినా..." అన్నాడాయన కిందపడి.

వెల్డర్ డొక్కలో తన్నాడు.

"వినండి, మూసేసినా..."

ఈసారి తలమీద తన్నాడు. మూడోసారి మాట రాలేదు.

"చచ్చిపోతాడురా, వదలండి" అంటూ వంటావిడ అడ్డం పడింది. అప్పటికే ఆయన చెవిలోంచి రక్తం కారుతోంది.

మూడోరోజు యూనియన్ సెక్రటరీ లాకప్ దగ్గరికి వచ్చాడు.

"ఆ ముసలాయన పొద్దున పోయాడు."

వెల్డర్ మోకాళ్లలో తల దూర్చుకుని ఏడవసాగాడు. ఫిట్టర్ మాత్రం తగ్గలేదు.

"వాడి చావు వాడే తెచ్చుకున్నాడన్నా. పన్నెండొందల మంది రోడ్డున పడుతుంటే లెక్క తప్పు కాదంటాడా?"

సెక్రటరీ ఊచలు పట్టుకుని ముందుకు వంగాడు.

"ఎవరూ రోడ్డున పడట్లేదు. కోర్టు తీర్పు కాపీ ఇవాళ చేతికొచ్చింది. మూసేసిన ప్లాంటుని రేడియేషన్ బయటికి పొక్కకుండా విప్పడానికి ఇరవై రెండేళ్లు పడుతుందట. ఆ పని మనవాళ్లతోనే, ఇవే జీతాలకి చేయించాలని తీర్పు."

"కేసు వేసింది మన యూనియనేనా?"

"మనకి ఆ సంగతే తెలీదు. కంపెనీ గుట్టుగా బయటి కాంట్రాక్టరుకి కట్టబెట్టబోయింది. వాళ్ల ఇంజనీరే ఒకాయన ఆ కాగితాలు బయటపెట్టాడు. ఉద్యోగం ఊడింది. అయినా ఆరేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు."

ఫిట్టర్ లేచి ఊచల దగ్గరికి వచ్చాడు.

"మహానుభావుడు. బయటికి రాగానే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకోవాలి. ఎక్కడుంటాడన్నా?"

"మార్చురీలో" అన్నాడు సెక్రటరీ.