సోఫియా మొహంలో కళ

"కదలకే గుంటా!" అంటూ సోని, సోఫియా నుదుటి మీద టిష్యూ కాగితం అదిమింది.

మొహం కడిగి గంటైంది. సబ్బు లేదు, పౌడరు లేదు. పరీక్ష అలాగే చేయాలి. నుదురు, ముక్కు, రెండు బుగ్గలు. కాగితానికి అంతటా జిడ్డంటితే ఆయిలీ. నుదుటి దగ్గర, ముక్కు దగ్గర మాత్రమే అంటితే కాంబినేషన్. ఎక్కడా అంటకపోతే డ్రై. పాడేరులో మూడు నెలలు కూర్చుని నేర్చుకున్న విద్య. జి.మాడుగుల సంత వీధిలో సోని పార్లరుకి ఒక కుర్చీ, ఒక అద్దం, ఈ విద్య తప్ప మరేమీ లేవు.

కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసింది. మచ్చ కూడా లేదు.

"డ్రై స్కిన్నే. నానేటి సెప్పాను?"

"మరి తగ్గుతాదా అక్కా?"

"తగ్గడానికి రోగమేటే? టైపు. ఎవలి టైపు ఆళ్లు తెలుసుకుని దానికి తగ్గట్టు సూసుకోవాల, అంతే."

అరకులో ఓ రిసార్టు రిసెప్షన్ ఉద్యోగానికి సోఫియా అప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చింది. డిగ్రీ ఉంది. ఇంగ్లీషు వచ్చు. రెండుసార్లూ మేనేజరు సర్వేశ్వరరావు పెదవి విరిచాడు. "చదువు బాగానే ఉందమ్మా, మొహంలోనే కళ లేదు" అన్నాడు. పదిహేనేళ్ల చదువు పోయి పోయి చర్మం దగ్గర ఆగిపోయింది, ఏం చెప్తాం! మూడోసారి పిలుపు నెలరోజుల్లో ఉంది. అదీ పోతే ఇక సముద్రం ఒడ్డున రొయ్యల షెడ్డే. సోఫియా ఊరి ఆడపిల్లలు నలుగురు ఇప్పటికే అక్కడ పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తున్నారు. పండక్కి వచ్చినప్పుడు వాళ్ల వేళ్లు చూసింది సోఫియా. అప్పట్నుంచి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు.

సోని చూస్తూ ఊరుకునే రకం కాదు. సామపిండి, కొండతేనె పొట్లాలు కట్టింది. వాటి మీద, తమ పొలంలో తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కొట్టించిన పసుపు ఓ డబ్బా పెట్టింది.

"మన ఏజెన్సీ పసుపు. తానానికి ముందు మొకానికి, మెడకి, సేతులకి పట్టించు. ఒక్క రోజు తప్పకూడదు. పట్టిస్తావా?"

సోఫియా తల ఊపింది. ఒకళ్లకి ఎదురు చెప్పడం ఆ పిల్లకి పుట్టుకతోనే రాదు.

ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక కొండ దిగి పార్లరుకి వచ్చేది. మొదటి వారం, "ఒళ్లంతా ఒకటే దురదక్కా" అంది.

"డ్రై స్కిన్ను దురదెట్టక ఏటి సేత్తాది? కొబ్బరినూనె రాయి."

రెండో వారం ఆయాసపడుతూ వచ్చింది. అన్నం సయించడం లేదంది. "మంచిదే, నాజూగ్గా ఉంటావు. నీళ్లు మాత్రం బాగా తాగు" అంది సోని. ఇంకో డబ్బా కూడా ఇచ్చింది.

మూడో వారం సోని చేతిలో దువ్వెన జారి కింద పడింది.

"ఓలమ్మో! ఇటు తిరుగే!"

వాడిపోయి నల్లబడిన మొహానికి బంగారు రంగు వచ్చేసింది. మెడా అదే రంగు, చేతులూ అదే రంగు.

"కళ్లల్లోకి కూడా ఎల్లిపోనాదే పసుపు. సూసుకుని కడుక్కో" అని నవ్వింది సోని. సోఫియా అద్దంలోకి వంగి కళ్లు చూసుకుంది.

సోని పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి స్టేటస్ పెట్టింది. సంతలో ఆడవాళ్లు సోఫియాని చుట్టుముట్టారు. "ఏటి రాస్తన్నావే? మాకూ సెప్పు" అని ఒకటే గొడవ. ఆ వారం సోని దగ్గర పదకొండు మంది పసుపు పట్టుకెళ్లారు.

సర్వేశ్వరరావు ఈసారి ఫైలు తెరవనే లేదు. "ఇదమ్మా నాకు కావలసింది! ఈ గ్లో చూసి గెస్టులు కదలరు" అన్నాడు. సోమవారం ఉదయం ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలన్నాడు. రాకపోతే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందని కూడా అన్నాడు. యూనిఫాం ఇచ్చారు. బూట్లు మాత్రం కాళ్లకి ఎక్కలేదు. సైజు మార్చి ఇచ్చారు. అవీ ఎక్కలేదు.

ఆ ఆదివారం సోఫియా రాలేదు. సోనియే ఇంకో కొత్త డబ్బా పట్టుకుని కొండెక్కింది.

మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది సోఫియా. చాప పక్కన అంబలి ముట్టకుండా అలాగే ఉంది. తల్లి రూతమ్మ గుమ్మం దగ్గర మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది.

"బేగి లేవే! రేపు పొద్దున్న డ్యూటీ. ఈ పాటికి నువ్వు అరకులో ఉండాల!"

"లేవలేకపోతన్నానక్కా."

ఆ గొంతు వినగానే సోనికి ఉద్యోగం ఇంత దగ్గరకొచ్చి పోతుందేమోనని భయం వేసింది. మొహం తనవైపు తిప్పుకుని చూసింది. రంగు ఇంకా పచ్చగా తేలింది. టిష్యూ కాగితం తీసి బుగ్గ మీద అదిమింది. తెల్లగా వెళ్లిన కాగితం తెల్లగానే వచ్చింది. రవ్వంత పసుపు కూడా అంటలేదు.

"సూసావా పిన్నీ, ఎంత బాగా ఇంకిపోనాదో! ఇదిగో, ఇంకో డబ్బా. పాతవి అయిపోయుంటాయి కదా."

రూతమ్మ డబ్బా అందుకోలేదు. కూతురి వైపు చూసి, తప్పు చేసిన మనిషిలా తల దించుకుంది.

"ఏటీ అనుకోకమ్మా, ప్రార్థనలో సేరినకాడి నుంచి మేం ఒంటికి పసుపు ముట్టించం, నువ్విచ్చిన డబ్బాలు రెండూ మూత తియ్యకుండా ఆ గూట్లోనే ఉన్నాయి."