మడుగు మొసలిది, గట్టు చిరుతది

ఏటి మలుపులోని మడుగు ముసలి మొసలిది. ఒక బావురుపిల్లి వెళ్లి, "తాతా, ఒక్క చేప పట్టుకోనా?" అని అడిగింది.

"పట్టుకో. పొద్దు గూకేలోపు వెళ్లిపోవాలి," అంది మొసలి.

పిల్లి చేపతో వెనక్కి తిరిగేసరికి గట్టు మీద చిరుత కూర్చుని ఉంది.

"మొసలి తాత పట్టుకోమన్నాడు," అంది పిల్లి.

"ఆయన మాట నీళ్లవరకే. ఈ గట్టు నాది. నన్ను అడిగావా?"

పొద్దు గూకుతోంది. వెనక మొసలి మెల్లగా కదిలింది. పిల్లి చేపను చిరుత ముందు పెట్టి, "తప్పయింది పెద్దమ్మా, దారివ్వు," అంది.

చిరుత పక్కకి జరిగింది.

మర్నాడు పిల్లి ముందుగా చిరుత గుహకే వెళ్లింది. "పెద్దమ్మా, నీ గట్టు మీదుగా మడుగుకి వెళ్లనా?" అని అడిగింది.