వైరుకు తెలిసిన పేరు

సిర్గిట్టిలోని మా గోదాము ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ ఒకే వైరుతో కలిపిన నాటి నుంచి, ఎదుటి బల్ల గుమాస్తా ప్రతాప్ నా తెరమీదికి పాడు మెసేజులు పంపేవాడు. మూసేస్తే అవి మాయమయ్యేవి. రుజువు మిగిలేది కాదు.

"ఆ ఉజ్జోగం మానీవే అమ్మా," అన్నాడు నాన్న.

నేను మానలేదు. మెసేజు మనిషిని చూసి వెళ్లదు, కంప్యూటర్‌కు పెట్టిన పేరును బట్టి వెళ్తుంది. ఇవాళ పొద్దున్నే నా కంప్యూటర్ పేరునూ, మేనేజరు మీనాక్షిగారి కంప్యూటర్ పేరునూ తారుమారు చేశాను.

ప్రతాప్ నావైపు చూసి కన్ను గీటి, మీట నొక్కాడు.

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మీనాక్షిగారు తెరమీది మెసేజును మూయకుండా అలాగే వదిలేసి, గదిలోంచి ప్రతాప్ దగ్గరికొచ్చారు.

"అచ్ఛా! ఏటి బావా, 'మరదలా' అని పిలిచావు? సినిమాకే కదా, పద. దారిలో నా తెర చూడ్డానికి మన పై ఆఫీసరు పెద్ద సాహెబునీ పిలుద్దాం."