ఎవరూ కొట్టని గోల్

మా ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. నీళ్ళ సీసాని పడుకోబెట్టి దూర్చాలి. పెద్ద గిన్నె పట్టదు కాబట్టి మిగిలిందంతా నాలుగు చిన్న గిన్నెల్లోకి మార్చుకోవాలి. దీనికి కారణం ఇల్లు కట్టినవాడూ కాదు, ఫ్రిజ్ అమ్మినవాడూ కాదు. కారణం అంతర్జాతీయం.

ఫ్రిజ్ పక్కన నాలుగడుగుల కప్పు ఉంది. దాని మీద నాలుగు దేశాల జెండాలు చెక్కి ఉంటాయి. అది మా బావగారిది. కింది వాటాలో పెడితే అక్క ఊరుకోదు. అందుకని పై వాటాలో ఊరికే ఉంటున్న నా దగ్గర పెట్టారు.

ఆ కప్పు చరిత్ర నేను పుస్తకంగా రాయాలి. బావగారి ఆజ్ఞ. ఆయన క్లబ్బు గెలిచి ముప్పై ఏళ్ళు నిండాయి.

నాలుగు దేశాలు, నాలుగు క్లబ్బులు, ఏటా ఒక ఫుట్‌బాల్ పోటీ. అంతవరకూ బాగానే ఉంది. కానీ నిబంధనలు రాసిన పెద్దమనిషెవరో చివర్లో ఒక ముక్క కలిపాడు. గెలిచిన క్లబ్బే మరుసటి ఏడు పోటీలు జరపాలి. వచ్చినవాళ్ళందరికీ పడక, భోజనం, ఉతికిన బట్టలు కూడా చూడాలి.

మొదటి ఏడు అందరూ ప్రాణం పెట్టి ఆడారు. రెండో ఏడు, అలా గెలిచినవాళ్ళ మొహాలు చూశాక, కాస్త నెమ్మదించారు. మూడో ఏడు సెమీఫైనల్స్‌లో ఒక్క గోలూ పడలేదు. చీటీలు తీసి రెండు జట్లని ఫైనల్లోకి తోశారు. చీటీలో పేరొచ్చిన కెప్టెన్లని మిగతావాళ్ళు ఓదార్చారు.

అందులో ఒకటి బావగారి క్లబ్బు. ఆయనే కార్యదర్శి. అప్పటికి మాకు చుట్టం కాదు.

ఓడిపోవాలని రెండు జట్లూ సొంత గోల్‌లోకే బంతి కొట్టుకోబోయాయి. దాంతో వాళ్ళ గోల్‌కి వీళ్ళు, వీళ్ళ గోల్‌కి వాళ్ళు కాపలా కాశారు. పైగా వాన. ఎవరి మొహం చూసినా బురదే. ఎనభై ఎనిమిదో నిమిషంలో అవతలివాళ్ళ గోల్ ముందు పెద్ద తోపులాట జరిగి, బంతి లోపలికి వెళ్ళిపోయింది. బావగారి క్లబ్బు గెలిచింది.

ఓడినవాళ్ళు డాన్సులు చేశారు. బావగారు బురదలోనే కూర్చుండిపోయారు.

నాలుగో ఏడు అరవై ఆరు మంది ఆటగాళ్ళు ఆయన ఇంట్లో దిగారు. సరిగ్గా ఆ వారమే ఆయనకి పెళ్ళి సంబంధం మాట్లాడటానికి అమ్మాయి తరఫు పెద్దలు వచ్చారు. గేటు నుంచి వరండా దాకా నూట ముప్పై రెండు సాక్సులు ఆరేసి ఉన్నాయి. వాళ్ళు గేటు కూడా తియ్యకుండా వెనక్కి తిరిగారు. ఆ అమ్మాయి తర్వాత ఎవరో గోల్‌కీపర్‌ని చేసుకుంది.

ఆ ఏడు పోటీలకి నాకు వెళ్ళక తప్పలేదు. నాకు తోడుగా మా అక్క వచ్చింది. సాక్సులు మడతపెడుతున్న ఆ మనిషిని చూసి జాలిపడింది. ఆ జాలికి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఇక ఆ ఏడు ఫైనల్‌కి ఏ జట్టూ మైదానంలోకి దిగలేదు. కప్పు ఉన్నచోటే ఉండిపోయింది. పోటీల చరిత్ర అంతే.

అన్నీ రాశాను. ఒక్క గడి మిగిలింది. మూడో ఫైనల్లో గోల్ కొట్టినవారు ఎవరు?

"వాడి పేరు లేకుండా పుస్తకం రావడానికి వీల్లేదు," అన్నారు బావగారు ఆదివారం భోజనాల దగ్గర. "పేరు తేలేకపోయావో, నువ్వూ నీ సామానూ వీధిలో ఉంటారు. ఇక వాడంటావా, ఎవడైనా సరే, జన్మలో నా గడప తొక్కనివ్వను."

"నాక్కూడా కావాలి వాడు," అంది అక్క గరిటె పట్టుకుని. "వాడు ఆ గోల్ కొట్టకపోతే ఈయన ఆ అమ్మాయిని చేసుకుని హాయిగా ఉండేవారు. నేనూ హాయిగా ఉండేదాన్ని."

ఇద్దరూ ఒక మాట మీద ఉండగా చూడటం నాకు అదే మొదలు.

"రిపోర్టులో ఉందిగా బావగారూ, బురద వల్ల గుర్తుపట్టలేకపోయామని."

"ఆ రిపోర్టు రాసినవాడి కళ్ళల్లో ఉందిలే బురద. నిన్ను ఎందుకు రాయమన్నాననుకున్నావ్? ఆ టైములో బంతికి నీకంటే దగ్గర్లో ఎవడున్నాడు?"

"నేను అటు తిరిగి ఉన్నాను."

"సమయానికి అటు తిరగడం మీ వంశంలోనే ఉంది."

"మధ్యలో మా వంశం ఎందుకొచ్చిందండీ?" అంది అక్క.

అక్కడి నుంచి మాట మా వంశం మీదికి మళ్ళింది. నేను మారు వడ్డించుకున్నాను.

ఒక్కడైనా ఒప్పుకోకపోతాడా అని వారమంతా ఫోన్లు చేశాను. ఆడిన ఇరవై రెండు మందినీ అడిగాను. అవతలి పదకొండు మందీ "అంత అదృష్టం మాకెక్కడిదండీ" అన్నారు. బావగారి పదకొండు మందీ పిల్లల మీద ఒట్టేశారు. ఒకాయనకి పిల్లల్లేరు. మేనల్లుడి మీద వేశాడు.

పోనీ చనిపోయినవాళ్ళ మీద తోసేద్దామంటే, అందరూ దుక్కల్లా ఉన్నారు.

పొద్దున ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

"సార్, గడి ఖాళీగా వదిలేస్తే మా తప్పనుకుంటారు. రేపటికల్లా ఏదో ఒక పేరు చెప్పండి. పోనీ మా మావయ్య పేరు పెట్టెయ్యనా? ఆయనకి ఫుట్‌బాల్ అంటే ఇష్టం."

ఒక పూట టైము అడిగాను.

అయ్యా, అమ్మా, పెద్ద మనసు చేసుకుని మీరే ఒక దారి చూపించాలి. గోల్ కొట్టినవారి గడిలో 'రిఫరీ వీపు' అని ఉన్న నిజం రాసేస్తే, ఆ రోజు రిఫరీని నేనేనన్న సంగతి ఈ ఇంట్లో ఇద్దరికీ గుర్తు రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?