జాడీ మీది రాయి

పచ్చడి జాడీలో బరువుగా పెట్టే రాయికి గోళ్లెందుకుంటాయి? కాపురానికి వచ్చిన ఏడు పుట్టిన ఈ అనుమానం శివపార్వతిని పద్దెనిమిదేళ్లుగా వదల్లేదు. ఇప్పుడా రాయి పాత తువ్వాలులో చుట్టుకుని, చేతిసంచిలో, ఆమె వెంట అమరావతి వచ్చింది. పొద్దున్నే పండుమిరప పచ్చడి మీంచి తీసి మూడుసార్లు కడిగింది. ఎంత కడిగినా ఆ ముడిచిన వేళ్ల సందుల్లోంచి కారం వదల్లేదు.

"ఇంకోసారి ఆలోచించవే," అన్నాడు మొగుడు బుల్లయ్య బస్సు దిగుతూనే. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచారని మ్యూజియం వాళ్లు పోలీసుల్ని పిలిస్తే?"

"పిలవనీయండి. మీ అమ్మ పోతూ పోతూ నాచేత ఒట్టేయించుకుంది. ఇక్కడి పాత స్తూపం దిబ్బ, ఆ దీపాలదిన్నె మీద దొరికింది, దిన్నెకే చేర్చమంది. దిన్నె రాళ్లన్నీ ఇప్పుడు మ్యూజియంలోనేగా ఉంది."

"బోడి రాయికి ఒట్టొకటి! మన పచ్చడి మూడేళ్లున్నా బూజు పట్టదంటే ఆ రాయి చలవేనని ఊరంతా చాటింది కూడా మా అమ్మే."

"నా చెయ్యి సంగతో మరి?"

ఏటా పచ్చడి జాడీకెత్తిన రోజు నుంచీ ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా మొద్దుబారుతోంది. ఈ ఏడు మంచినీళ్ల చెంబు కూడా నిలవడం లేదు. ఏ జబ్బూ లేదన్నాడు గుంటూరు డాక్టరు. చివరి రోజుల్లో అత్తగారికీ సరిగ్గా అంతే. ఆ చెయ్యి మళ్లీ లేవనే లేదు.

కృష్ణలో మునిగి అమరేశ్వరుడి దర్శనం చేసుకున్నారు. దణ్ణం పెట్టబోతే ఎడమచెయ్యి లేచినంత ఎత్తుకు కుడిచెయ్యి లేవలేదు. 'తెలియక చేసింది కూడా తప్పేనా స్వామీ?' అని మాత్రం అడిగింది శివపార్వతి.

మ్యూజియం తలుపు ఇంకా తెరవలేదు. బుల్లయ్య టీ కొట్టు వైపు నడిచాడు. శివపార్వతి గోడ నీడన చతికిలబడి చూస్తే, నాలుగు మూరల అవతల ఇంకో మనిషి కూర్చుని ఉంది. వచ్చేటప్పుడు ఆమె అక్కడ ఉన్నట్టు గుర్తులేదు. సున్నం కొట్టినట్టు పాలిపోయిన ఒళ్లు. ఒక మోకాలు పైకి ముడిచి, దాని మీద ఎడమచెయ్యి ఆనించుకుంది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరే."

"చేతికేమైంది?"

"మంట. మిరపకాయ మంట."

శివపార్వతికి జాలేసింది. కాయ కోసే కూలీల చేతులు ఎలా మండుతాయో ఆ నేల మీద తెలియందెవరికి? "ఎవరి చేలో కోతకెళ్లావు?"

"నేనెక్కడికీ వెళ్లను. కూర్చున్న చోటుకే వచ్చుద్ది. ఏటా మాఘంలో మొదలై, ఇహ చల్లారదు."

"అయ్యో! మజ్జిగ పోస్తే తగ్గుద్ది. ఉండు, హోటల్లో అడిగి తెస్తా. ఈ సంచి కాస్త చూస్తూండు."

"చూస్తూనే ఉన్నానమ్మా," అంది ఆమె. "ఎన్నాళ్లనుంచో."

ఎడమచేత్తో మజ్జిగ గ్లాసు పట్టుకుని శివపార్వతి తిరిగొచ్చేసరికి గోడ నీడ ఖాళీగా ఉంది. సంచి అక్కడే ఉంది. అందులో తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంది. రాయి లేదు.

"దొంగముండ ఎత్తుకుపోయింది!" బుల్లయ్య గొంతు నది దాకా వినపడింది. "ముక్కూమొహం తెలియని దానికి అప్పజెప్పి మజ్జిగకి పోయిందట! ఇహ ఎవరికిస్తావు? ఏమిస్తావు?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రాయి పోయినందుకు కాదు. ఒట్టు తీర్చే దారి మూసుకుపోయింది. ఇహ చెయ్యి కూడా అత్తగారి చెయ్యే.

ఆ కేకలకు తలుపు తెరుచుకుంది. తాళాల గుత్తితో బయటికొచ్చిన కాపలాదారు అలీ సాహెబ్ సంగతంతా విన్నాడు.

"ముడిచిన గుప్పిలా? కుడిదా?" అన్నాడు. "రండమ్మా. మణికట్టు విరిగిన బొమ్మ ఒకటుంది మా దగ్గర. దానిదేనేమో చూసి చెప్పండి. పోయిందని మా ఆఫీసరు గారికి నేను చెప్తాను."

రాతి తామరలు, రాతి ఏనుగులు దాటుకుని, ఆయన వెనకే నడిచారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. చివరి మూల దగ్గర అలీ సాహెబ్ నిలబడిపోయాడు. తాళాల గుత్తి చేతిలోంచి జారి బండల మీద ఖణేల్మంది.

"రాత్రి తాళం వేసేటప్పుడు కూడా లేదు తల్లీ," అన్నాడు. "అల్లా సాక్షి. లేదు."

మూలన తెల్లరాతి మనిషి కూర్చుని ఉంది. ఒక మోకాలు పైకి ముడిచి, దాని మీద ఎడమచెయ్యి ఆనించుకుంది. ఒళ్లో కుడి గుప్పిలి. మణికట్టు దగ్గర అతుకు లేదు, గీత లేదు. వేళ్ల సందున పండుమిరప తొక్క ఒకటి ఇంకా తడిగా అంటుకుని ఉంది.

బుల్లయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "పదవే, పోదాం. పదా!"

శివపార్వతి కదల్లేదు. ముందుకు వంగి, గ్లాసులో మజ్జిగంతా ఆ రాతి వేళ్ల మీద మెల్లగా, చుక్క మిగల్చకుండా పోసింది. ఖాళీ గ్లాసును తను పట్టుకున్నది కుడిచేత్తోనని అప్పుడు చూసుకుంది.