బకెట్టుకు అనుమతి

వానకు పడగ్గది శ్లాబు కారుతోందని తాయారమ్మ బకెట్టు పెట్టగానే గోడ కయ్యిమంది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలన్నా లైసెన్సున్న డిజైనర్ సంతకం ఉండాలని చట్టం వచ్చి, గోడల్లో మాట్లాడే కాపలా యంత్రాలు బిగించి ఆరేళ్లయింది.

మూడోరోజుకు మెళ్లో పలకంత లైసెన్సు వేలాడేసుకుని డిజైనర్ వచ్చాడు. గదంతా కలియజూసి, అందం కోసం బకెట్టును రెండడుగులు పక్కకు జరిపి సంతకం పెట్టాడు.

"నీళ్లు పడేది ఇక్కడ గదా బాబూ?"

"కారడం మా పరిధి కాదమ్మా. దానికి వేరే లైసెన్సు."

అతను వెళ్లగానే తాయారమ్మకు చిర్రెత్తుకొచ్చింది. బకెట్టు ఒళ్లో పెట్టుకుని సరిగ్గా కారేచోటే మఠం వేసుక్కూర్చుంది.

"ఒళ్లో ఉన్నది సామాను కాదుగా! ఏం చేస్తావో చేసుకో."

గోడ క్షణం ఆలోచించింది.

"మీరు ఇక్కడే ఉండేటట్లయితే, మీ చీర రంగు ఈ గదికి నప్పలేదండీ. డిజైనర్‌ని పిలవమంటారా?"