ఒలిచిన మమాలా చెట్టు

మంచం పట్టిన మొగుడు లెయోతాకి పచ్చకామెర్ల కషాయం కాయాలని, సవాయీ దీవి మందులమ్మ మలాయియా చీకటి పడ్డాక మమాలా చెట్టు దగ్గరికి వెళ్ళింది. అప్పటికే ఎవరో బెరడు ఒలిచేశారు.

ఆ బెరడులోంచి కొత్త మందు తీస్తామని వచ్చిన పట్నం వాళ్ళకి దారి చూపించింది ఆమె అక్క కొడుకు సెఫో. ఇప్పుడు టార్చి పట్టుకుని పక్కనే ఉన్నాడు.

"నాతో మాటైనా అనకుండా కోసిచ్చేశావా?" అంది.

"నేను కాదు పిన్నీ. వాళ్ళ పడవ పొద్దున్నే వెళ్ళిపోయింది. అయినా ఇది కత్తి గాటులా ఉందా, నువ్వే చూడు."

మానంతా గోళ్ళతో గీకినట్టుంది. ఆ గీతలు సెఫో చెయ్యి అందనంత ఎత్తుకి పోయాయి. జిగురు ఇంకా కారుతోంది. అడవిలో గబ్బిలాల చప్పుడు కూడా లేదు.

ఇద్దరూ ఇంటికొచ్చారు. నెల రోజులుగా లేవలేని లెయోతా అటు తిరిగి పడుకుని ఉన్నాడు.

"కాస్త ఓర్చుకో. నిన్నటి బెరడు కొంచెం మిగిలింది, కాచి తెస్తాను," అంది మలాయియా.

"ఇవాళ వద్దులే," అన్నాడతను నెమ్మదిగా. "కడుపు నిండిపోయింది."

దుప్పటి బయటికి చాచిన అతని చేతి మీదికి సెఫో టార్చి తిప్పబోయాడు. మలాయియా వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపేసింది.